ఓర్పు పేరుతో వ్యాధిని దాచకండి

(కొనకనమిట్లలో ముస్లిం మహిళల ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





గర్భిణుల ఆరోగ్యం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. అది ఒక సభలో తెమిలే విషయం కాదు. అందుచేత అందులో నుంచి ఒక్క సంగతినే మీ ముందుంచుతాను. గర్భం దాల్చిన తొలి మాసాలలో కొందరు స్త్రీలను ప్రాణాపాయం దాకా తీసుకుపోయే తీవ్రమైన వాంతుల గురించి చెబుతాను. ఇది ఆడవాళ్ళు వంటింట్లో మాట్లాడుకోవలసిన మాట గదా, సభకెందుకు అని పరదాకు అవతల కూర్చున్న సోదరులలో కొందరికి అనిపించవచ్చు. వంటింటి గడప దాటనివ్వకపోవడం వల్లనే ఈ వ్యాధి ముదిరిపోతున్నదని నా అనుభవం. ఆ అనుభవాన్నే ముందుగా చెబుతాను. అందులో గొప్పగా చెప్పుకోదగినది ఏమీ లేదు. తప్పు నాది.

మా కోడలికి తొలి కాన్పు. నెల తప్పిన రెండు వారాలకు వాంతులు మొదలయ్యాయి. మొదట తెల్లవారుజామున వచ్చేవి. తర్వాత పూటపూటకూ వచ్చాయి. ఆ తర్వాత మంచినీళ్ళు తాగినా నిలవని స్థితి వచ్చింది. పోపు వాసన వస్తే దుప్పటి కప్పుకొని ముక్కు మూసుకునేది. "అత్తమ్మా, నాకేదో అవుతున్నది" అని రెండు మూడు సార్లు చెప్పింది. నేను బడిలో ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినదాన్ని. అయినా ఆ అమ్మాయికి నేను ఇచ్చిన జవాబు, "మేమంతా కనలేదా తల్లీ? సబర్ చెయ్యి" అన్నదే. మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పవద్దని ఆశా కార్యకర్తకు కూడా తెలియనివ్వలేదు. నీరసం చూడలేక ఊళ్ళో వైద్యం చేసే ఆయనను పిలిపించి నాలుగు రోజులు వరుసగా గ్లూకోజు సీసాలు ఎక్కించాము. ఐదో రోజున ఖుర్ఆన్ తెరిచి కూర్చున్న పిల్ల, అక్షరాలు రెండేసిగా కనబడుతున్నాయని ఏడ్చింది. లేచి నిలబడబోతే కాళ్ళు తడబడ్డాయి. 52 కిలోల మనిషి 45 కిలోలకు వచ్చిందని పెద్దాసుపత్రిలో తూకం వేశాక గానీ మాకు తెలియలేదు.

అల్లాహ్ దయ వల్ల ఆమె బతికింది. సరిగా నడవడానికి కొన్ని నెలలు పట్టింది. బిడ్డ మాత్రం దక్కలేదు. అక్కడి డాక్టరమ్మ నన్ను కోప్పడలేదు. "ఒక వారం ముందు తీసుకొచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదమ్మా" అన్నది, అంతే. ఆ వారం రోజులూ నా చేతిలో ఉన్నవే. ఈ మాట మీ ముందు చెప్పడానికి నాకు సిగ్గుగా లేదు. చెప్పకుండా ఉంటేనే సిగ్గుపడాలి.

వేవిళ్ళు వేరు, ఈ వ్యాధి వేరు

గర్భిణులలో నూటికి 70 నుంచి 80 మందికి ఏదో ఒక స్థాయిలో వికారం గానీ వాంతులు గానీ ఉంటాయి. వాటిని మనం వేవిళ్ళు అంటాము. పులుపు మీద మనసు పోవడం, ఉదయం డోకులు రావడం, మధ్యాహ్నానికి తేరుకొని నాలుగు ముద్దలు తినడం వేవిళ్ళ లక్షణం. అది వ్యాధి కాదు. కానీ నూటికి ముగ్గురి వరకు స్త్రీలలో ఇది హద్దు దాటుతుంది. వైద్యులు దానిని హైపరెమెసిస్ గ్రావిడారం అంటారు. పేరు పలకడం కష్టమైతే గర్భిణుల తీవ్ర వాంతుల వ్యాధి అనుకుందాము. పేరు ఏదైనా అది వ్యాధి అని ఒప్పుకోవడం ముఖ్యం.

సాధారణంగా ఇది నాలుగో వారం నుంచి ఆరో వారం మధ్య మొదలై తొమ్మిదో వారం ప్రాంతంలో ఉద్ధృతమవుతుంది. చాలామందికి ఇరవయ్యో వారానికి తగ్గిపోతుంది. కొందరికి కాన్పు దాకా వదలదు. శరీరంలో నీరు ఇంకిపోతుంది. సోడియం, పొటాషియం వంటి లవణాలు పడిపోతాయి. తిండి అందక శరీరం తన కొవ్వునూ కండనూ తానే కరిగించుకుంటుంది. రక్తం చిక్కబడి, కదలక పడుకొని ఉండడం వల్ల కాళ్ళ నరాలలో గడ్డకట్టే ప్రమాదం కూడా పెరుగుతుంది.

తేడా కనిపెట్టడానికి చదువు అవసరం లేదు. ఈ గుర్తులు తెలిస్తే చాలు. ఇరవై నాలుగు గంటలు ఏ ఆహారమూ ఏ పానీయమూ కడుపులో నిలవకపోవడం. మూత్రం ముదురు రంగులో రావడం, లేదా ఎనిమిది గంటలు అసలు రాకపోవడం. నిలబడగానే కళ్ళు తిరగడం. వాంతిలో నెత్తురు కనిపించడం. గర్భానికి ముందున్న బరువులో నూటికి ఐదు వంతులు తగ్గడం. అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు, 40 కిలోల మనిషి రెండు కిలోలు తగ్గితే చాలు, అది ఆసుపత్రికి వెళ్ళవలసిన స్థితి. ఇక చూపు రెండుగా కనబడడం, నడక తడబడడం, మాట తికమకపడడం కనిపిస్తే మర్నాటి దాకా ఆగకూడదు. అదే ఘడియలో బయలుదేరాలి.

మరొక మాట. కడుపుతో ఉన్నది గనుక వాంతులన్నీ గర్భం వల్లనే అనుకోకూడదు. జ్వరం, కడుపునొప్పి, మూత్రంలో మంట, కళ్ళు పచ్చబడడం ఉంటే వేరే జబ్బు ఉండవచ్చు. తొలి రెండు నెలలు బాగుండి ఆ తర్వాత కొత్తగా వాంతులు మొదలైనా కారణం వెతకాలి. ఐదో నెల దాటాక తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పితో వాంతులు వస్తే అది రక్తపోటు ప్రమాదం కావచ్చు. కవల పిల్లలు ఉన్నా, ముత్యాల గర్భం అయినా వాంతులు ఎక్కువగా ఉంటాయి. అందుకే స్కానింగు అవసరం.

గ్లూకోజు సీసా గురించి

మన పల్లెలలో నీరసానికి గ్లూకోజు సీసా ఎక్కించడం ఆనవాయితీగా మారింది. మా ఇంట్లో జరిగినదీ అదే. ఇందులో దాగి ఉన్న ప్రమాదాన్ని ప్రతి తల్లీ తెలుసుకోవాలి. వారాల తరబడి తిండి నిలవని మనిషిలో థయమిన్ అనే బి1 విటమిన్ అడుగంటిపోతుంది. గ్లూకోజును శక్తిగా మార్చుకోవడానికి శరీరానికి ఆ విటమినే కావాలి. అది లేని మనిషికి గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే మిగిలిన కాస్త విటమినూ ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. చూపు చెదరడం, నడక తప్పడం, మతి తికమకపడడం దాని గుర్తులు. వెంటనే బి1 సూదిమందు ఇవ్వకపోతే శాశ్వతంగా మతిమరుపు మిగలవచ్చు, ప్రాణమే పోవచ్చు.

సరైన పద్ధతి ఇది. ముందు బి1, దానితో పాటు మామూలు సెలైను, రక్తపరీక్ష చూసి అవసరమైన మేరకు పొటాషియం. కాబట్టి ఇంట్లో సీసా కట్టించకండి. ఆసుపత్రిలో "డాక్టరు గారూ, పది రోజులుగా ఈమెకు ఏమీ నిలవడం లేదు, బి1 ఇచ్చారా?" అని మర్యాదగా అడగండి. అడగడం వైద్యుని మీద అపనమ్మకం కాదు. రోగి సంగతి పూర్తిగా చెప్పడం మన బాధ్యత.

మూత్రంలో కీటోన్లు అనే పరీక్ష చేస్తారు. అవి కనబడలేదన్న ఒక్క కారణంతో "ఏమీ లేదు, ఇంటికి వెళ్ళండి" అంటే సరిపోదు. బరువు, నాడి, రక్తపోటు, రక్తంలోని లవణాలు కూడా చూడమని కోరండి.

మందుల భయం ఎక్కడిది?

కడుపుతో ఉన్నప్పుడు మాత్ర వేసుకుంటే బిడ్డ అవకరంతో పుడుతుందన్న భయం మన ఇళ్ళలో గట్టిగా ఉన్నది. ఆ భయం ఉత్తినే పుట్టలేదు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు అమ్మకానికి వచ్చింది. నిద్రకూ, గర్భిణుల వికారానికీ దానిని ఇచ్చారు. ప్రపంచంలో పది వేలకు పైగా పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టారు. 1961లో దానిని వెనక్కి తీసుకున్నారు. ఆ గాయం లోకం మరచిపోలేదు, మరచిపోకూడదు కూడా.

అయితే ఆ భయం మంచి మందు మీద కూడా పడింది. డాక్సిలమిన్, బి6 విటమిన్ కలిపిన మాత్రను అమెరికాలో వేవిళ్ళకు విరివిగా వాడేవారు. బిడ్డలకు హాని అని వ్యాజ్యాలు పెరిగి 1983లో తయారీదారులు దానిని అక్కడి బజారు నుంచి తప్పించారు. హాని ఉన్నదని ఏ పరిశోధనా నిర్ధారించలేదు. చివరకు 2013లో అదే కలయికకు అక్కడి ప్రభుత్వ సంస్థ మళ్ళీ అనుమతి ఇచ్చింది. నేడు గర్భిణుల వాంతులకు వైద్యులు మొదట రాసేది ఈ మాత్రనే. మన మందుల దుకాణాలలోనూ దొరుకుతుంది. కొంచెం మత్తుగా ఉంటుంది. దానితో తగ్గకపోతే వైద్యులు వేరే మందులు ఇస్తారు, మాత్ర నిలవకపోతే సూదిమందు ఇస్తారు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది డాక్టరు నిర్ణయించాలి. దుకాణదారుని అడిగి తెచ్చుకోకండి. అలాగని రాసిచ్చిన మందును భయంతో పక్కన పెట్టకండి. మందు వల్ల కలిగే కీడు కంటే నెలల తరబడి పస్తుల వల్ల తల్లికీ బిడ్డకూ కలిగే కీడు ఎక్కువని గుర్తుంచుకోండి.

ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి. మూడు పూటల భోజనం బదులు గంటకొకసారి రెండు గుక్కలు, రెండు ముక్కలు ఇవ్వండి. బొరుగులు, రస్కు, చల్లారిన అన్నం, పలుచని మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఓఆర్‌ఎస్ నీళ్ళు వీటిలో ఏది నిలిస్తే అది. వేడి వంట కంటే చల్లారినదానికి వాసన తక్కువ. పోపు, మాంసం, సబ్బు, అత్తరు వాసనలు ఆమెకు దూరంగా ఉంచండి. మన ప్రాంతపు భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ ఎక్కువ గనుక తాగునీటిని డబ్బాలలో కొనుక్కునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ నీటిలో మొదటి వాటా కడుపుతో ఉన్న మనిషిది కావాలి. ఐరన్ మాత్ర వల్ల వాంతులు పెరుగుతుంటే కొంతకాలం ఆపవచ్చునేమో డాక్టరును అడగండి. అల్లం కాస్త వికారానికి పనికి వస్తుంది గానీ ఈ వ్యాధికి అది వైద్యం కాదు. "అల్లం రసం తాగలేదా?" అని పదే పదే అడిగి ఆమెను విసిగించకండి.

ఇది మనసు బలహీనత కాదు

కోడలు పని ఎగ్గొట్టడానికి నటిస్తున్నదని, పుట్టింటి మీద బెంగతో చేస్తున్నదని, గాలి సోకిందని, దిష్టి తగిలిందని మనం అనుకుంటాము. ఇది పల్లెటూరి అజ్ఞానమే అనుకోకండి. పాశ్చాత్య దేశాలలో పెద్ద వైద్యులు కూడా చాలాకాలం దీనిని మానసిక బలహీనతగానే చూశారు. అమెరికాలో మర్లీనా ఫెజో అనే జన్యుశాస్త్రవేత్త 1999లో గర్భవతిగా ఉండి ఈ వ్యాధితో మంచం పట్టారు. ఆమె బాధను డాక్టరు నమ్మలేదు. పదిహేనో వారంలో బిడ్డను కోల్పోయారు. ఆ దుఃఖంతో ఆమె ఈ వ్యాధి కారణాన్ని వెతకడం మొదలుపెట్టారు. 2023 డిసెంబరులో ఆమె, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ ఓరహిలీ తదితరులు కలిసి నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. గర్భంలో పెరిగే బిడ్డ, మావి నుంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి వస్తుంది. గర్భానికి ముందు ఎవరి శరీరంలో ఆ హార్మోను తక్కువగా ఉంటుందో వారికి దాని అలవాటు ఉండదు. అది ఒక్కసారిగా పెరిగేసరికి మెదడులోని వాంతి కేంద్రం తట్టుకోలేకపోతుంది. తలసేమియా ఉన్న స్త్రీలకు ముందు నుంచే ఆ హార్మోను ఎక్కువ గనుక వారికి వేవిళ్ళు చాలా తక్కువని కూడా తేలింది.

అంటే నటన కాదు, బెంగ కాదు, సోమరితనం కాదు. రక్తంలో జరిగే మార్పు. ఒకే ఇంట్లో అత్తకు రాకపోవచ్చు, కోడలికి రావచ్చు. "నేను కనలేదా" అన్న నా మాటకు అర్థం లేదని ఆ శాస్త్రం నాకు నేర్పింది.

మనసు బలహీనత వ్యాధికి కారణం కాదు గానీ, వ్యాధి వల్ల మనసు కుంగిపోవడం నిజం. వారాల తరబడి చీకటి గదిలో పడుకొని, ఎవరూ నమ్మక, ఎంతో ఆశపడి తెచ్చుకున్న గర్భాన్నే వద్దనుకునే స్థితికి వచ్చే స్త్రీలు ఉన్నారు. అటువంటి మాట ఆమె నోట వస్తే పాపమని బెదిరించకండి. అది సహాయం కోసం వేసే కేక. పక్కన కూర్చొని చెయ్యి పట్టుకోండి, డాక్టరుతో ఆ మాట కూడా చెప్పండి.

సబర్ అంటే ఏమిటి?

మనం సబర్ అన్న పవిత్రమైన మాటను వాడి స్త్రీల నోరు మూయిస్తున్నాము. సబర్ అంటే వైద్యం మానుకోవడం కాదు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును సృష్టించాడని, చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. గాయపడిన వారికి సేవచేయడానికి రుఫైదా (ర) అనే మహిళ డేరా వేసిందని, అది మస్జిదె నబవీలోనే ఉండేదని మనకు తెలుసు. వైద్యానికి మస్జిద్ ప్రాంగణంలో చోటిచ్చిన సంప్రదాయం మనది.

తల్లి బాధ మీద బాధ పడుతూ బిడ్డను మోస్తుందని లుఖ్మాన్ సూరా, అహ్‌ఖాఫ్ సూరా మనకు గుర్తుచేస్తాయి. మర్యం సూరా చూడండి. హజ్రత్ మర్యం (అలై) నొప్పులతో ఖర్జూరపు మాను దగ్గరికి చేరి, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని వేదన చెందారు. అంతటి పుణ్యస్త్రీ! అప్పుడు ఆమెకు మందలింపు రాలేదు. ఊరట వచ్చింది. పాదాల చెంత నీటి ఊట, చేతికందే ఖర్జూరాలు, తినమని, తాగమని, కళ్ళు చల్లబరచుకొమ్మని పిలుపు వచ్చింది. మన ఇంటి పిల్ల "చచ్చిపోవాలనిపిస్తున్నది" అంటే మనం ఇవ్వవలసిన జవాబు ఏదో ఆ ఘట్టంలోనే ఉన్నది.

రంజాన్ నెలలో గర్భిణి, పాలిచ్చే తల్లి ఉపవాసం విషయంలో సౌలభ్యం పొందారని హదీసు ఉన్నది. నీళ్ళే నిలవని మనిషి చేత రోజా ఉంచేలా చేయడం ధర్మనిష్ఠ కాదు. నిలబడలేకపోతే కూర్చొని, కూర్చోలేకపోతే పడుకొని నమాజు చేయవచ్చు. మాటిమాటికీ వాంతులై ఉజూ నిలవని స్త్రీకి మాజూర్ నియమాలు ఉన్నాయి. వాటిని మీ ఇమామ్ సాహెబ్‌ను గానీ ఆలిమాను గానీ అడిగి తెలుసుకోండి. ప్రసవ సంబంధంగా మరణించిన స్త్రీకి షహాదత్ దర్జా ఉన్నదని అంటాము. అది తల్లిని కోల్పోయిన వారికి అల్లాహ్ ఇచ్చిన ఓదార్పు. బతికి ఉన్నప్పుడు ఆసుపత్రికి తీసుకుపోని వారికి అది సాకు కారాదు.

వైద్యం దయ కాదు, హక్కు

కొనకనమిట్ల మండలం మెట్ట ప్రాంతం. ఇటు పొదిలి, అటు మార్కాపురం. పెద్ద జబ్బు వస్తే ఒంగోలు దాకా పోవాలి. మగవారు పనుల కోసం హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలకు వలస పోతే ఇంట్లో ముసలివాళ్ళు, కోడళ్ళు మిగులుతారు. రాత్రిపూట బండి ఎవరు కడతారు, డబ్బు ఎక్కడిది అన్న ఆలోచనతోనే సగం రోజులు గడిచిపోతాయి. అందుకే మనకు రావలసినవి ఏమిటో తెలిసి ఉండాలి.

2011 జూన్ 1న కేంద్రం జననీ శిశు సురక్షా కార్యక్రమాన్ని ప్రారంభించింది. ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణికి మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ భోజనం, రాకపోకలు ఉచితం. తర్వాత దానిని కాన్పుకు ముందు వచ్చే చిక్కులకూ విస్తరించారు. తీవ్ర వాంతులు అటువంటి చిక్కే. అత్యవసరమైతే 108 బండి ఉచితంగా వస్తుంది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉన్నది. అయితే అది ముఖ్యంగా నాలుగో నెల నుంచి ఉన్నవారిని ఉద్దేశించినది. ఈ వ్యాధి అంతకు ముందే వస్తుంది. కాబట్టి 9వ తేదీ కోసం కాచుకొని కూర్చోకండి.

ఇక న్యాయస్థానాల మాట. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి గాయపడిన ఒక ముస్లిం వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకోకుండా పంపివేశాయి. 1996లో సుప్రీం కోర్టు, అత్యవసర వైద్యం నిరాకరించడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని తీర్పు చెప్పింది. ఢిల్లీలో ఇల్లూ వాకిలీ లేని ఒక ముస్లిం యువతి ప్రసూతి ఆసుపత్రిలో చోటు దొరకక చెట్టు కింద బిడ్డను కన్నది. ఆమె తల్లి కోర్టు తలుపు తట్టింది. 2010 జూన్ 4న ఢిల్లీ హైకోర్టు, గర్భిణికి వైద్యం, పోషణ పొందే హక్కు జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. ఆ తల్లి నిరుపేద. అయినా ఆమె అడిగినందువల్ల దేశంలోని గర్భిణులందరికీ ఒక ఆధారం దొరికింది.

మగ డాక్టరు అని, పరదా అని వెనకాడే ఇళ్ళున్నాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం మగ డాక్టరు స్త్రీని పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ పక్కన ఉండాలని కోరవచ్చు. మతం కారణంగా గానీ, పేదరికం కారణంగా గానీ వివక్ష చూపకూడదు. చికిత్స కాగితాల నకళ్ళు తీసుకునే హక్కూ ఉన్నది. ఇవి తెలుసుకొని, గొంతు పెంచకుండా, వెనక్కి తగ్గకుండా అడగండి.

మనం చేయవలసిన పనులు

చివరగా, ఈ సభ నుంచి లేచి వెళ్ళేటప్పుడు తీసుకుపోవలసిన పనులు కొన్ని చెబుతాను.

మొదటిది, మూడు నెలల మౌనం మానుదాము. దిష్టి తగులుతుందని మూడో నెల దాకా దాచే ఆచారం మనలో ఉన్నది. ఈ వ్యాధి విజృంభించేది సరిగ్గా ఆ మూడు నెలల్లోనే. ఊరంతటికీ చాటవలసిన పని లేదు. నెల తప్పిన వెంటనే ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు చెప్పి నమోదు చేయించండి.

రెండవది, తూకం. అంగన్‌వాడీలో తూకం యంత్రం ఉంటుంది. నెల తప్పిన రోజు బరువు రాసుకోండి. వాంతులు ఉంటే వారానికొకసారి తూచండి. "నీరసంగా ఉన్నది" అంటే ఎవరైనా కొట్టిపారేయవచ్చు. "మూడు కిలోలు తగ్గింది" అన్న కాగితాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు.

మూడవది, మస్జిద్ కమిటీ పెద్దలకు మనవి. రాత్రివేళ బండి ఇవ్వగలవారి ఫోను నంబర్లు గోడ మీద రాయించండి. సదఖా నుంచి చిన్న నిధి ఉంచండి. అర్హులైన పేద రోగులకు జకాత్ అందేలా చూడండి. జుమా ప్రసంగంలో ఏడాదికొకసారైనా గర్భిణుల సౌలభ్యాల గురించి చెప్పించండి. ఆ మాట మగవారి చెవిన పడాలి. బండి తీయవలసినదీ, డబ్బు ఇవ్వవలసినదీ ఎక్కువగా వారే గదా.

నాలుగవది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి విజ్ఞాపన పత్రం ఇద్దాము. వాంతుల మాత్రలు, సూదిమందులు, సెలైను, బి1 సూదిమందు ఎప్పుడూ నిల్వ ఉండాలని కోరుదాము. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద నిల్వల వివరాలు అడుగుదాము. ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో మన మహిళలకు కూడా చోటు అడుగుదాము. ఇది మన ఒక్కరి కోసం కాదు. ఆ మందు నిల్వ ఉంటే దళితవాడ బిడ్డకూ, లంబాడీ తండా బిడ్డకూ అదే ఉపయోగపడుతుంది.

ఐదవది, ఒకసారి ఈ వ్యాధి వచ్చిన స్త్రీకి మరుసటి గర్భంలోనూ వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి ఆమె పూర్తిగా కోలుకునేదాకా వ్యవధి ఇవ్వండి. మళ్ళీ గర్భం దాల్చదలచినప్పుడు ముందే డాక్టరును కలిసి, మొదటి డోకు వచ్చిన రోజు నుంచే మందు మొదలుపెట్టే ఏర్పాటు చేసుకోండి.

మా కోడలు ఆ పనే చేసింది. రెండోసారి నెల తప్పిన వారానికే నా చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టింది. మొదటి పేజీలో తేదీ, బరువు, ఆశా కార్యకర్త నంబరు, బండి నంబరు ఉన్నాయి. "అత్తమ్మా, ఈసారి నేను చెప్పగానే బయలుదేరాలి" అన్నది. వాంతులు మళ్ళీ వచ్చాయి. రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాము. రెండుసార్లూ ఆమె అన్న గంటలోనే బయలుదేరాము. ఆ బిడ్డ ఇప్పుడు మస్జిద్ మక్తబ్‌లో అలిఫ్, బే దిద్దుతున్నది.

మీ ఇళ్ళలో ఏ పిల్ల అయినా "నాకేదో అవుతున్నది" అంటే నేను చెప్పిన జవాబు మీరు చెప్పకండి. "ఎంత తగ్గావు? ఎప్పటి నుంచి నిలవడం లేదు? పద, వెళ్దాము" అనండి.

అల్లాహ్ మన తల్లులకు, బిడ్డలకు ఆరోగ్యాన్ని, మనకు మెలకువను ప్రసాదించుగాక. ఆమీన్.